నిరీక్షణకొక అవధి

చదువు పెరిగినకొలది పని దొరకుట సులభమగునని మన పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకముతోనే కొందరు ఉన్న రెండెకరములను తాకట్టు పెట్టి, కొందరు ఇల్లాలి నగలను కుదువబెట్టి బిడ్డలను పట్టణములకు పంపిరి. బిడ్డలును తమవంతు శ్రమ చేసి, ఇంటిలో మొదటి పట్టభద్రులమన్న పేరు తెచ్చుకొనిరి. అయినను పట్టా చేతికి వచ్చిన పిమ్మట జరుగుచున్నది వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థయు, ఢిల్లీలోని మానవాభివృద్ధి అధ్యయన సంస్థయు కలసి 2024లో ప్రకటించిన భారత ఉపాధి నివేదికనుబట్టి చూడగా, 2022వ సంవత్సరమున మన దేశపు యువజనులలో చదవను వ్రాయను రానివారియందు నిరుద్యోగము 3.4 శాతము మాత్రమే కాగా, పట్టభద్రులయందు అది 29.1 శాతముగా నుండెను. ఈ అంకెలను చూచి చదువు వ్యర్థమని తలచువారు పొరబడినట్లే. బీదవాడు పని లేక ఒక వారమైనను గడుపజాలడు. దొరికిన కూలికి పోవును గనుక నిరుద్యోగుల పట్టికలో వాని పేరు చేరదు. చదివినవాడు తన చదువునకు తగిన కొలువు దొరకువఱకు వేచియుండును. ఆ కాలమంతయు తల్లిదండ్రుల రెక్కలకష్టము మీదనే గడచును. కావున నేటి విద్యావంతుల బాధ పని లేకపోవుటయందు కంటె, పని కొఱకు వేచియుండుటకు ఒక హద్దు లేకపోవుటయందు అధికముగా నున్నదని నా దృఢాభిప్రాయము. ఈ వ్యాసము ఆ హద్దును గూర్చియే.

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమును, దాని చుట్టుపట్ల అశోక్‌నగర్ వీధులను ఎఱుగని ఉద్యోగార్థి తెలంగాణమున అరుదు. ఆదిలాబాదు నుండి, పాలమూరు నుండి, నల్లగొండ, ఖమ్మము పల్లెల నుండి వచ్చినవారు ఇరుకు గదులలో నలుగురైదుగురుగా చేరి అద్దె పంచుకొని, తెల్లవారగనే గ్రంథాలయము తలుపు తెఱచువేళకు వరుసకట్టి, లోపల చోటు దొరకనినాడు ఆవరణలోని చెట్లక్రింద కూర్చుండి, రాత్రి పొద్దుపోవువఱకు చదువుచుందురు. ఆంధ్రదేశమున ఉపాధ్యాయ పరీక్షకు అవనిగడ్డయు, బ్యాంకు పరీక్షలకు నంద్యాలయు ఇట్టి పేరునే సంపాదించినవి. ఈ ఊళ్ళలో హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు దుకాణములు, పాతపుస్తకముల అంగళ్ళు అన్నియు ఈ యువజనుల ఆశను ఆశ్రయించియే బ్రదుకుచున్నవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన మహనీయులు గ్రంథాలయము వలన జాతికి వికాసము కలుగునని ఆశించిరి. నేడు పఠనమందిరములు నిండి పొరలుచుండుట సంతోషమే గాని, బల్లలమీద కనబడునవి అధికభాగము గైడ్లును, కరెంట్ అఫైర్స్ మాసపత్రికలును, మాక్ టెస్టుల కట్టలును అగుట మాత్రము నాకు కష్టముగా తోచును. ఇరువదియైదేండ్ల ప్రాయమున మనిషి చదువవలసిన పుస్తకములు మరెన్నియో కలవు గదా!

ఈ యువజనులకు సర్కారు కొలువుపై నింత మక్కువ యేల యని తేలికగా ప్రశ్నించువారు వారి యిండ్లను చూడనివారు. కౌలుకు భూమి పట్టి, వానకును ధరకును ఎదురుచూచి, మూడేండ్లకొకసారి అప్పుల పాలైన తండ్రిని చిన్ననాటినుండి కన్నులార చూచిన బిడ్డకు, నెల తిరుగగనే తప్పక చేతికందు జీతము ఐశ్వర్యమువలె కాక రక్షణవలె కనబడుట సహజము. ఊరిలో తరతరములుగా తలవంచుకొని నడచిన కుటుంబమునకు, బిడ్డ ఎమ్మార్వో కుర్చీలోనో ఎస్సై దుస్తులలోనో కనబడుట వలన కలుగు గౌరవమునకు వెల కట్టజాలము. మరియు ప్రైవేటు కొలువులనిన నగరమున వీరికి దొరకునవి పది పదునైదువేల జీతమునకు, నియామకపత్రము కూడ లేని పనులు. నేడుండి రేపు పొమ్మనునవి. కాబట్టి ఈ ఆకాంక్ష న్యాయమైనది, ఉదాత్తమైనది. దానిని వదలుకొనుడని నేను చెప్పను. దానికొక కాలపరిమితి యుండవలెననియు, ఆ కాలమంతయు ఒక్క ద్వారము ముందరనే నిలువరాదనియు మాత్రమే చెప్పుచున్నాను.

ముందుగా ఆ ద్వారపు వెడల్పు నెఱుగుట మంచిది. 2023 సివిల్ సర్వీసెస్ పరీక్షకు 10,16,850 మంది దరఖాస్తు చేసిరి. 5,92,141 మంది ప్రిలిమ్స్ వ్రాసిరి. 14,624 మంది మెయిన్స్‌కు అర్హులైరి. 2,855 మంది మౌఖిక పరీక్షకు పిలువబడిరి. తుదకు 1,016 మంది ఎంపికైరి. తెలంగాణమున 2022 చివర ప్రకటింపబడిన సుమారు ఎనిమిదివేల గ్రూప్-4 కొలువులకు తొమ్మిదిన్నర లక్షలమంది పోటీపడిరి. 2019లో రైల్వేవారు ప్రకటించిన 35 వేలకు పైబడిన ఎన్‌టీపీసీ కొలువులకు వచ్చిన దరఖాస్తులు కోటియిరువదియైదు లక్షలు. ఒక్క కొలువునకు నూరుమందియు, కొన్నిట మూడువందలమందియు పోటీపడునపుడు, గెలిచినవానికిని ఓడినవానికిని నడుమ భేదము ఒకటి రెండు ప్రశ్నలుగా, ఒక్కొక్కమారు నార్మలైజేషన్ లెక్కలో తేలిన దశాంశముగా నుండును. ఇట్టి పరీక్షయందు శ్రద్ధ అవసరమే గాని శ్రద్ధ యొక్కటియే చాలదు. ఓడినవారిలో గెలిచినవారితో సమానమైన ప్రజ్ఞ కలవారు వేలకొలది యుందురు. కోచింగు కేంద్రముల గోడలమీద వెలయు ఫొటోలు గెలిచిన ఆ వేయిమందివి; తక్కినవారి ముఖములు ఏ గోడమీదను ఉండవు. కావున గోడను చూచి తన అవకాశమును లెక్కించుకొనరాదు.

పోటీ యొక యెత్తు. కాలము యొక యెత్తు. పరీక్షలు వాని వేళకు జరుగవు. రాష్ట్రమేర్పడిన పిమ్మట తెలంగాణమున మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిలులో 503 కొలువులకు వెలువడగా, సుమారు 3.8 లక్షలమంది దరఖాస్తు చేసిరి. ఆ అక్టోబరున జరిగిన ప్రిలిమ్స్, ప్రశ్నపత్రముల లీకు బయటపడుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. జూనులో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరున హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే ఉపసంహరించి 563 కొలువులకు కొత్తది వెలువరించిరి. జూనులో మూడవమారు ప్రిలిమ్స్, అక్టోబరున మెయిన్స్ జరిగినవి. 2022లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున దరఖాస్తు చేసిన యువతి మెయిన్స్ వ్రాయునప్పటికి ఇరువదియారు దాటినది. ఆమె శ్రద్ధలో లోపమేమి? ఉపాధ్యాయ నియామకములు చూడుడు: తెలంగాణమున 2017 తరువాత మరల పెద్ద నియామకము 2024లో 11,062 కొలువులతో జరిగెను, ఆంధ్రప్రదేశమున 2018 డీఎస్సీ తరువాత 16,347 కొలువుల మెగా డీఎస్సీ 2025లో జరిగెను. బీఎడ్ పూర్తి చేసిన పిల్లవాడు ఏడేండ్లు ఒక ప్రకటనకై ఎదురుచూచుట యనిన, పెండ్లియాడి బిడ్డను బడిలో చేర్చు వయస్సు ఆ నిరీక్షణలోనే గడచిపోవుటయే.

దీనిలో ప్రభుత్వముల అపరాధము గలదు. దానిని స్పష్టముగా చెప్పవలెను. ఏటేట ఖాళీలను లెక్కించి, చెప్పిన తేదీకి పరీక్ష జరిపి, చెప్పిన తేదీకి ఫలితమిచ్చుట పాలకులు చూపవలసిన దయ కాదు, ధర్మము. ప్రశ్నపత్రముల లీకును అరికట్టుటకై కేంద్రము తెచ్చిన చట్టము 2024 జూను 21 నుండి అమలులోనికి వచ్చినది. అందు వ్యవస్థీకృత నేరమునకు పదేండ్లవఱకు చెఱయు, కోటి రూపాయలకు తగ్గని జరిమానాయు కలవు. చట్టము మంచిదే. కాని దానివలన పోయిన సంవత్సరములు తిరిగిరావు. అభ్యర్థులు సంఘటితులై క్యాలెండరును కోరుట న్యాయము. ఆ క్యాలెండరు వచ్చువఱకు తన జీవితమును ఆపియుంచుట మాత్రము న్యాయము కాదు.

2024లో తెలంగాణ ప్రభుత్వము యూనిఫారము లేని కొలువులకు గరిష్ఠ వయఃపరిమితిని 44 నుండి 46కు పెంచినది. ప్రకటనలు లేక నష్టపోయినవారికి న్యాయము చేయవలెనన్న సదుద్దేశముతోనే పెంచిరి. అయినను ఈ సడలింపులో ఒక ప్రమాదము పొంచియున్నది. చట్టము నలువదియాఱేండ్లవఱకు అర్హుడవన్నంత మాత్రమున బ్రదుకు అంతవఱకు వేచియుండదు. ఇరువదియొకటి మొదలు ఇరువదియెనిమిది వఱకుగల ప్రాయము మనిషి పనిలో చేరి, తప్పులు చేసి, పెద్దలయొద్ద దిద్దుకొని, చేతికి నేర్పు అలవరచుకొను కాలము. ఆ కాలమునందు పని తగులని చదువు అదను దప్పిన విత్తనమువంటిది.

కావున అవధిని చట్టము కాదు, అభ్యర్థియే నిర్ణయించుకొనవలెను. ఎట్లు నిర్ణయింపవలెను? ‘ఇంక రెండు అటెంప్టులు చూచెదను’ అని మనవారు సామాన్యముగా అనుకొందురు. అటెంప్టులను లెక్కించుట కేంద్ర పరీక్షలకు కొంత సరిపోవును. ఏలయన వానిలో పెక్కు ఏటేట జరుగును. రాష్ట్ర పరీక్షలకు అది సరిపోదు. రెండు అటెంప్టుల నడుమ ఏడేండ్లు గడచునప్పుడు, రెండు అటెంప్టులనగా యౌవనమంతయు అని అర్థము. కావున సంవత్సరములనే లెక్కింపుడు. ఏ పనియు చేయక చదువునకే అంకితమగు కాలము రెండేండ్లు, మిక్కిలి యనిన మూడేండ్లు చాలునని నా తలంపు. సిలబస్ ఒకమారు పూర్తిచేసి, రెండుమార్లు పునశ్చరణ చేసి, పూర్వపు ప్రశ్నపత్రములను గడియారము ముందర పెట్టుకొని వ్రాయుటకు ఈ కాలము సరిపోవును. పిమ్మట చదువు మానుమని కాదు, పనిచేయుచు చదువవలెనని.

ఆ రెండేండ్లలో తన్ను తాను కొలుచుకొనుటకు మాక్ టెస్టులను నమ్మరాదు. కొన్ని కేంద్రములు విద్యార్థి సంతోషించునట్లును, కొన్ని భయపడి మరల చేరునట్లును వానిని కూర్చుట గలదు. కమిషన్ వారి పాత ప్రశ్నపత్రమునే తీసికొని, నియమిత కాలమున వ్రాసి, మైనస్ మార్కులు తీసివేసి, ఆ సంవత్సరపు కట్ ఆఫ్‌కు తన మార్కులు ఎంత దూరముననున్నవో ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. ఆరు నెలలకొకమారు ఈ పని చేయుడు. దూరము తగ్గుచున్నచో మీ దారి సరియైనది. ఏడాదిన్నర గడచినను దూరము కదలనిచో, అదే దారిలో మరల అంతే కాలము నడచినంతమాత్రమున అది కదలునని ఆశించుటకు ఆధారమేమియు లేదు. ఆ నోటుపుస్తకముననే మరియొక లెక్కయు వ్రాయవలెను. గది అద్దె, మెస్సు, కోచింగు ఫీజు, పుస్తకములు కలిపి నెలకు పదివేలే అనుకొన్నను నాలుగేండ్లకు 4,80,000 రూపాయలగును. ఆ నాలుగేండ్లు చేయగల పనికి రావలసిన సంపాదన దీనిలో చేరలేదు. ఈ లెక్క ఇంటివారి ముందర దాచవలసినది కాదు. వారికి తెలిసియుండిన అనవసరమైన ఆశయు, అనవసరమైన నిష్ఠురమును రెండును తగ్గును.

పట్టుదలకు దృష్టాంతముగా మన కోచింగు కేంద్రములు తఱచు చెప్పు ఇద్దరి చరిత్రను ఇక్కడ స్మరింపవలెను. శ్రీకాకుళము జిల్లా రైతుకుటుంబమున జన్మించిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్ సర్వీసెస్‌లో అఖిలభారతమున మూడవ ర్యాంకు పొందెను. జగిత్యాల జిల్లా మెట్‌పల్లివాడైన దురిశెట్టి అనుదీప్ 2017లో ప్రథముడయ్యెను. ఇద్దరును అనేక పర్యాయములు ప్రయత్నించి గెలిచినవారే. అయితే పోస్టర్లమీద వ్రాయనిది ఒకటి కలదు. గోపాలకృష్ణ సంవత్సరములకొలది ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేయుచునే చదివెను; అనుదీప్ అప్పటికే ఇండియన్ రెవెన్యూ సర్వీసులో ఉద్యోగి. వారి నిరీక్షణకు అడుగున ఒక జీవిక యుండెను. ఆ జీవిక వారి దీక్షను చెఱుపలేదు సరికదా, ఓటమి కలిగిన ప్రతి పర్యాయమును తిరిగి లేచుటకు ఆధారమైనది. పట్టుదల నేర్చుకొనదలచినవారు ఈ భాగమును కూడ నేర్చుకొనవలెను.

ఇక పరీక్షకు తోడుగా పట్టవలసిన ఆ రెండవ దారి యేది? ఈ ప్రశ్నకు మన సమాజమున సమాధానము సంకుచితమైనది: సర్కారు కొలువు కాదన్న సాఫ్ట్‌వేరు, సాఫ్ట్‌వేరు కాదన్న అమెరికా. ఈ మూడింటికి వెలుపల గౌరవమైన బ్రదుకు లేదన్నట్లు పెద్దలు మాటలాడుదురు. చేతితో చేయు పనియెడల మనకున్న తక్కువచూపే దీనికి మూలమని నేను నమ్మెదను. లేత్ యంత్రమునొద్ద నిలిచి నూఱవవంతు మిల్లీమీటరు తేడాను పట్టగల టర్నరు, ఆసుపత్రిలో వెంటిలేటరును బాగుచేయు బయోమెడికల్ టెక్నీషియను, సోలారు పలకలను అమర్చు ఎలక్ట్రీషియను ఇంటికి అల్లుడుగా వచ్చుటకు మనము సంకోచింతుము. పదేండ్లుగా పరీక్ష వ్రాయుచున్నవానిని ‘ప్రిపేరవుతున్నాడు’ అని గౌరవముగానే చెప్పుకొందుము. ఈ కొలమానము మారవలెను.

మార్చుటకు సాధనము మనయొద్దనే యున్నది. అది 1961 నాటి అప్రెంటిసుల చట్టము. ముప్పదిమంది లేక అంతకెక్కువమంది పనివారుగల ప్రతి సంస్థయు తన సిబ్బందిలో రెండున్నర మొదలు పదునైదు శాతమువఱకు అప్రెంటిసులను తీసికొనవలెనని ఈ చట్టము క్రింది నియమములు చెప్పుచున్నవి. 2019లో సవరించిన నియమములు నెలసరి కనీస స్టైపెండును పట్టభద్రులకు 9,000, డిప్లొమావారికి 8,000, ఐటీఐవారికి 7,000 రూపాయలుగా నిర్ణయించినవి. ఈ మొత్తము నగరజీవనమునకు చాలినది కాదు. ఎవరును దీనిని జీతముగా భావింపరాదు. కాని కోచింగుకు ఎదురు డబ్బు కట్టుటకును, పని నేర్చుకొనుచు కొంత పొందుటకును గల అంతరము గమనింపదగినది. రామచంద్రాపురపు బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, సింగరేణి గనులు, విశాఖ ఉక్కు కర్మాగారము, హిందూస్థాన్ షిప్‌యార్డు మొదలగు సంస్థలు ఇట్టి శిక్షణకు ప్రసిద్ధములు. దక్షిణమధ్య రైల్వేవారు తమ వర్క్‌షాపులకును డివిజన్లకును అప్రెంటిసులను తీసికొనునపుడు వ్రాతపరీక్ష పెట్టరు. పదవ తరగతి మార్కులను, ఐటీఐ మార్కులను కలిపి సగటు కట్టి ఎంపిక చేయుదురు. మరియు రైల్వే లెవెల్-1 నియామకములలో ఇరువది శాతము కొలువులు ఇట్లు శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిసులకు కేటాయింపబడినవి. సర్కారు కొలువే కోరువానికి కూడ ఇది పక్కదారి కాదు, ఆ కొలువునకే చేరు మరియొక దారి. ఎంతమంది ఐటీఐ విద్యార్థులు ఈ సంగతి తెలియక, పట్టా పెట్టెలోపెట్టి గ్రూప్-4 గైడ్లు కొనుచున్నారో తలచుకొనిన మనస్సు కలుక్కుమనును.

పట్టభద్రులకును, డిప్లొమావారికిని ‘నాట్స్’ అను జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకము కలదు. దక్షిణ రాష్ట్రములకు దాని మండలి చెన్నైలో నున్నది. తక్కిన వృత్తులకు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ కలదు. పేరు నమోదుకు రుసుము లేదు. 2024 అక్టోబరున ఆరంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకము పెద్ద కంపెనీలలో ఏడాది శిక్షణయు, నెలకు అయిదువేలును ఇచ్చునట్లు ఏర్పడినది. ఆరంభమున అది ఇరువదియొకటి మొదలు ఇరువదినాలుగేండ్లవారికే ఏర్పడినది. నాట్స్ కూడ కొత్తగా పట్టా పొందినవారికే ఉద్దేశింపబడినది. ఇచ్చట మిక్కిలి ముఖ్యమైన విషయమును గమనింపుడు: సర్కారు పరీక్షల తలుపు ఎన్నో ఏండ్లు తెఱచియుండును గాని, పని నేర్పు తలుపులలో పెక్కు ఇరువదియైదు చుట్టుపట్లనే మూసికొనిపోవును. మనవారు ఆలస్యముగా మూయబడు తలుపు నెదుట కూర్చుండి, త్వరగా మూయబడువానిని చేజార్చుకొనుచున్నారు. కావలసినది దీనికి సరిగా విలోమమైన క్రమము.

పదవ తరగతి దాటిన పిల్లలకొక మాట. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు మూడేండ్లలో డిప్లొమా ముగించి, ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున ప్రవేశింపవచ్చును. ఇంటరు రెండేండ్లు కార్పొరేటు కళాశాల హాస్టలులో చదివి బీటెక్ చేసినవానికిని, వీనికిని పట్టా చేతికివచ్చు కాలము సమానము; వీనికి నడుమ ఒక డిప్లొమాయు, కొంత చేతిపనియు అదనము. తెలంగాణమున 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా సంస్థ సహకారముతో ఆధునిక శిక్షణకేంద్రములుగా మార్చు పని 2024లో ఆరంభింపబడినది. పాత యంత్రములను, ఖాళీ బోధక పదవులను చూచి ఐటీఐని విడిచిపోయినవారు మరల ఒకమారు వెళ్ళి చూచుట మంచిది.

సాఫ్ట్‌వేరును గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. మన ఇండ్లలో ఆ సంభాషణ నిత్యమును జరుగుచునే యున్నది. కంప్యూటర్ సైన్సు సీటు దొరికిన చాలునని కళాశాలను చూడక చేరువారికి, నేడు పెద్ద కంపెనీలు మునుపటివలె వేలకొలది ఫ్రెషర్లను తీసికొనుట లేదనియు, సామాన్యమైన కోడింగును కృత్రిమ మేధ చేయుచున్నదనియు తెలిసియుండవలెను. గణితము, డేటా స్ట్రక్చర్స్, ఒక్క భాషయందు గట్టి పట్టు, తానే కట్టిన ఒకటి రెండు ప్రాజెక్టులు ఉన్నవానికి భయము లేదు. అమీర్‌పేటలో ఆరు కోర్సులు చేసి ఒక్కటియు లోతుగా రానివానికి భయము కలదు. ఇంకొక హెచ్చరిక: మూడేండ్ల అనుభవమున్నట్లు దొంగ సర్టిఫికేటు కొని పెట్టుమని సలహాలిచ్చువారు కలరు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయును. పీఎఫ్ ఖాతా చూచును. పట్టుబడినవాని ఉద్యోగమే కాదు, పేరును పోవును. న్యాయముగా ఏడాది ఆలస్యమగుట దీనికంటె వేయిరెట్లు మేలు.

నిరీక్షణ దీర్ఘమైనకొలది మోసగాండ్రకు తావు పెరుగును. ‘బ్యాక్‌డోర్’ కొలువని, రైల్వేలో కోటా యున్నదని, సింగరేణిలో మనవాడున్నాడని లక్షలు గుంజువారు ప్రతి జిల్లాలోను పట్టుబడుచునే యున్నారు. విదేశముల పేర జరుగు మోసము మరింత ఘోరము. డేటా ఎంట్రీ పనియని నమ్మించి కంబోడియాకు పంపి, అచట సైబరు నేరములు చేయించుచున్న ముఠాను 2024 మేలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిరి. చిక్కినవారిలో చదువుకొన్న తెలుగు యువకులే పెక్కురు. విదేశమునకు పోదలచినవారు ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు కలదో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవలెను. నియమములప్రకారము ఏజెంటు తీసికొనదగిన సేవారుసుము ముప్పదివేల రూపాయలును, దానిపై జీఎస్టీయు మాత్రమే. విజిట్ వీసామీద పనికి పొమ్మనువానిని అక్కడికక్కడే వదలుడు. తెలంగాణమున టామ్‌కామ్ అను ప్రభుత్వసంస్థ గల్ఫుకును, జర్మనీ, జపాను వంటి దేశములకును నర్సులను, పనివారలను పంపుచున్నది. అమెరికాను నమ్ముకొని ముప్పది నలువది లక్షల విద్యాఋణము తీసికొనువారు, 2025 సెప్టెంబరున కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడినదన్న సంగతిని లెక్కలోనికి తీసికొని, అచట కొలువు దొరకకున్న ఇచ్చటి జీతముతో ఆ ఋణము తీరునా యని ముందే ఆలోచింపవలెను.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పక తప్పదు. అన్నకు అయిదేండ్లు ఇచ్చిన యింటనే చెల్లికి ఒక్క ఏడాది ఇచ్చి, ‘ఈసారి రాకపోతే సంబంధము చూతుము’ అనుట నేటికిని సామాన్యము. ఆమె అవధి ఆమె నిర్ణయించుకొన్నది కాదు, ఇతరులు విధించినది. అందుచేత ఆడపిల్లలు రెండవ దారిని మొదటినుండియే పట్టుకొనుట వారికి స్వాతంత్ర్యమునిచ్చును: చేతిలో చిన్న జీతమైనను ఉన్న పిల్ల మాటకు ఇంటిలో బలము వేరుగా నుండును. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ఆడవారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. నెలకు బస్సు ఛార్జీలకే రెండువేలు పోవునన్న కారణమున జిల్లాకేంద్రపు కళాశాలను, మండలకేంద్రపు కొలువును మానుకొన్న పిల్లలకు ఇది నిజమైన అవకాశము. తల్లిదండ్రులు దీనిని ఉపయోగింపనీయవలెను.

ఓటమి కలిగిన రాత్రులను గూర్చి కూడ చెప్పవలెను. మన ఉద్యోగార్థులు దానిని ఎవరితోను చెప్పుకొనరు గనుక. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవమారు నెగ్గెను. వైద్యవిద్య ముగించునప్పుడు ఎంబీబీఎస్‌కు బదులు తక్కువస్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాయే దక్కెను. హార్వర్డుకు పోయిన ఆయన పిమ్మట ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ వంటి ఔషధములను లోకమునకిచ్చిన పరిశోధనలకు సారథి యయ్యెను. అందరును సుబ్బారావులగుదురని కాదు. పరీక్షాధికారి వేసిన మార్కు ఆ దినమున వ్రాసిన సమాధానములకే గాని మనిషికి కాదని చెప్పుటకే ఆయనను తలచితిని. నిద్రపట్టకపోవుట, ఎవరిని చూచినను ముఖము చాటువేయవలెననిపించుట, బ్రదుకు చాలుననిపించుట కలిగినప్పుడు 14416 అను టెలీ మానస్ నంబరుకు ఫోను చేయుడు. అది ప్రభుత్వము నడుపుచున్న ఉచిత సేవ; ఏ వేళనైనను, తెలుగులోనే మాటలాడవచ్చును. తల్లిదండ్రులారా, ఫలితము వచ్చిన దినమున ‘ఎన్ని మార్కులు’ అని అడుగుటకు ముందు ‘అన్నము తింటివా’ అని అడుగుడు.

ఇప్పుడు ఏదో యొక గ్రూపునకో, డీఎస్సీకో, బ్యాంకు పరీక్షకో చదువుచున్న చెల్లెండ్రకును, తమ్ములకును నా విన్నపము ఇది. ఏ దినమున మీరు ఇతర పనులన్నియు మాని చదువునకు కూర్చున్నారో ఆ తేదీని, దానికి రెండేండ్ల తరువాతి తేదీని మీ నోటుపుస్తకము మొదటి పుటయందు వ్రాయుడు. వ్రాసి ఇంటివారికి చూపుడు. రెండవ తేదీ ఇదివఱకే దాటియున్నచో ఈ నెలలోనే ఏదేని పనిలోనో, అప్రెంటిసుగానో చేరుడు. పరీక్షకు రాత్రులందు చదువుడు. దాటకున్నచో నాట్స్‌లోనో, అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లోనో ఈ వారమే పేరు నమోదు చేసికొనుడు. ఆ పనికి ముఖ్యముగా కావలసినవి ఆధార్ కార్డు, విద్యార్హత పత్రములు, ఒక ఫోను.